కెనడాలో స్థిరపడ్డ స్కాట్లండ్ కుటుంబం మూలాలు వెతకడం ఎలా: ఒక రిజిస్ట్రారు ఆఫీసు మనిషి పద్ధతి

మా అల్లుడు కెనడావాడు. ఒంటారియో ప్రావిన్సులో (మన రాష్ట్రం లాంటిది) ఒట్టావాకు నైరుతి దిక్కున లానార్క్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అందులో బెక్‌విత్ అనే టౌన్‌షిప్‌లో, అంటే మన మండలం లాంటి దాంట్లో, వాళ్ళ పాత పొలం. పూర్వీకులు స్కాట్లండ్ నుంచి వచ్చారని వాళ్ళింట్లో అందరికీ తెలుసు. స్కాట్లండ్‌లో ఏ ఊరు, ఏ కాలంలో ఓడెక్కారు, వచ్చినాయన తండ్రి పేరేమిటి అని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. మా ఇంట్లో తద్దినాలప్పుడు మూడు తరాల పేర్లు చెబుతారు కాబట్టి మనవరాలికి తల్లి వైపు పేర్లు వరసగా వచ్చు. తండ్రి వైపు పేర్లు కూడా అలా చెప్పాలని దానికి ఆశ. ఆ పని నేను తీసుకున్నాను.

నేను కందుకూరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. పాత దస్తావేజులు, ఈసీలు (ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితాలు), లింకు డాక్యుమెంట్లు చూడటంతోనే నా ఉద్యోగం గడిచింది. స్థలం ఇవాళ ఎవరి పేరున ఉందో అక్కడ మొదలుపెట్టి, ఆయనకు ఎవరు రాసిచ్చారు, ఆ రాసిచ్చినవాడికి ఎలా సంక్రమించింది అంటూ వెనక్కి వెళ్తాం. మధ్యలో ఒక్క లింకు తప్పినా బ్యాంకు వాళ్ళు ఫైలు పక్కన పెట్టేస్తారు. వంశం వెతకడానికి కూడా నేను ఇదే పద్ధతి పట్టుకున్నాను. ప్రతి తరానికీ, దాని ముందు తరానికీ మధ్య ఒక కాగితం ఉండాలి. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్ళిన పిల్లలు అక్కడి ఇళ్ళతో సంబంధాలు కలుపుకుంటున్నారు కాబట్టి, నాకు పనికొచ్చినవన్నీ రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. ఊరి పేరు దొరికేదాకా స్కాట్లండ్ రికార్డుల జోలికి వెళ్ళొద్దు. అక్కడ ఊరంటే పారిష్, అంటే ఒక చర్చి కింద ఉండే ప్రాంతం. ఇంటిపేరును ఇంటర్నెట్‌లో కొట్టగానే ఫలానా క్లాన్ (వంశం), ఫలానా కోట, ఫలానా రంగు గళ్ళ గుడ్డ అని బోలెడు వస్తాయి. వాటివల్ల ఒక్క లింకు కూడా దొరకదు. జాన్ మెక్‌డొనాల్డ్, డంకన్ క్యాంబెల్ లాంటి పేర్లున్నవాళ్ళు ఒక్క పారిష్‌లోనే పదిమంది ఉంటారు. మీ జాన్ ఎవరో తేల్చే ఆధారం కెనడా కాగితాల్లోనే దొరకాలి. అందుకే ఈ పనిలో ముప్పాతిక వంతు కెనడాలోనే జరుగుతుంది.

ఇంట్లో వాళ్ళ దగ్గర

కంప్యూటరు తెరిచేముందు పెద్దవాళ్ళను అడగండి. మా అల్లుడి మేనత్త దగ్గర వాళ్ళ కుటుంబం బైబిలు ఉంది. పాత బైబిళ్ళలో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసుకోవడానికి విడిగా పేజీలుండేవి. ఆ పేజీలను, పుస్తకం మొదటి పేజీతో సహా, ఫొటో తీయించుకోండి. పుస్తకం అచ్చయిన సంవత్సరం కంటే ముందు తేదీలు అందులో ఉంటే అవి తర్వాత ఎవరో గుర్తుకు తెచ్చుకుని రాసినవని అర్థం. దస్తావేజు తేదీ, స్టాంపు పేపరు కొన్న తేదీ పోల్చి చూసేవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు.

ఆడవాళ్ళ పుట్టింటి ఇంటిపేర్లు తప్పకుండా అడగండి. కెనడా కాగితాల్లో పెళ్ళయిన ఆడమనిషికి చాలావరకు భర్త ఇంటిపేరే ఉంటుంది. స్కాట్లండ్ కాగితాల్లో పుట్టింటి పేరు కూడా రాస్తారు. రేపు అక్కడ వెతకబోయేటప్పుడు మొగుడి పేరు కంటే పెళ్ళాం పుట్టింటి పేరే ఎక్కువ అక్కరకొస్తుంది. “అత్తయ్యా, ఆవిడ పేరు మిసెస్ అనే రాసుంది, ఇంకేం లేదు” అని మా అల్లుడు నా దగ్గర చేతులెత్తేస్తే, వాళ్ళ మేనత్త పాత ఫొటో వెనక ఉన్న ఆవిడ చెల్లెలి పేరు చూపించింది. ఆ చెల్లెలికి పెళ్ళి కాలేదు కాబట్టి పుట్టింటి పేరు అలాగే ఉంది.

పెళ్ళి కాగితం, జనాభా లెక్కలు

ఒంటారియోలో ప్రభుత్వం పుట్టుక, పెళ్ళి, చావు నమోదు చేయడం 1869 జూలై 1న మొదలైంది. వీటిలో ముందు పెళ్ళి రికార్డు వెతకండి. అందులో వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ అడిగేవారు. తొలినాళ్ళ చావు రికార్డుల్లో తల్లిదండ్రుల పేర్లుండవు. 1858 నుంచి 1869 దాకా కౌంటీ పెళ్ళి రిజిస్టర్లు ఉన్నాయి, వాటిలోనూ తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. ఇవి చాలావరకు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు, ఖాతా తెరిస్తే చాలు. వేరే ప్రావిన్సు అయితే లెక్క మారుతుంది. నోవా స్కోషియాలో పుట్టుక, చావుల నమోదు 1864లో మొదలై 1877లో ఆగిపోయి, మళ్ళీ 1908లోనే అందుకుంది. మధ్యలో ఉన్న ఖాళీకి చర్చి పుస్తకాలే దిక్కు.

జనాభా లెక్కలు కెనడా జాతీయ గ్రంథాలయం, అభిలేఖాగారం వాళ్ళ సైటులో ఉచితం. 1931 లెక్కలు 2023లో బయటపెట్టారు. అక్కడినుంచి పదేళ్ళకొకటి చొప్పున వెనక్కి వెళ్ళండి. ఒక్కటీ వదలొద్దు. 1851 లెక్కలని పేరున్నవి ఒంటారియోలో నిజానికి 1852 జనవరిలో తీశారు. అందులోనూ, 1861లోనూ అడిగింది రాబోయే పుట్టినరోజుకు ఎన్నేళ్ళు నిండుతాయని. కాబట్టి వయసులోంచి ఒకటి తీసేసి లెక్కేసుకోవాలి. చదువురాని రైతులు చెప్పిన వయసులు అటూఇటూ అయిదేళ్ళు తేడా ఉంటాయి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఆ ఇంట్లో పిల్లల పేర్ల వరస కలిసిందా అన్నదే చూడండి.

పుట్టిన చోటు దగ్గర చాలావరకు ‘స్కాట్లండ్’ అని మాత్రమే ఉంటుంది. మతం దగ్గర రాసింది మాత్రం నోట్ చేసుకోండి. చర్చ్ ఆఫ్ స్కాట్లండ్, ఫ్రీ చర్చ్, బాప్టిస్టు, రోమన్ కాథలిక్ అని ఏది ఉంటే ఆ చర్చి రిజిస్టర్లలో వెతకాలి. 1851, 1861, 1871 లెక్కల్లో వ్యవసాయం షెడ్యూలు విడిగా ఉంటుంది. పేర్లున్న పేజీతో సరిపెట్టుకోకండి. ఆ షెడ్యూలులో పొలం కన్సెషన్ నంబరు, లాట్ నంబరు ఉంటాయి. మన సర్వే నంబరు లాంటివి అవి. ఆ రెండు అంకెలు చేతికొస్తే మిగతా పని సులువు.

జిల్లాల గొడవ

ఇది మనవాళ్ళకు చెప్పక్కర్లేదు. మా కందుకూరు మొదట నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేసినప్పుడు అందులో కలిపారు. 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లాకు మార్చారు. పొలం ఉన్నచోటే ఉంది, కాగితాలు మాత్రం వేర్వేరు చోట్ల ఉంటాయి. కెనడాలోనూ అంతే. ఇప్పటి ఒంటారియోను 1791 నుంచి 1841 దాకా అప్పర్ కెనడా అన్నారు, 1841 నుంచి 1867 దాకా కెనడా వెస్ట్ అన్నారు. లానార్క్ ప్రాంతం మొదట జాన్స్‌టౌన్ డిస్ట్రిక్టులో ఉండేది, 1822లో బాథర్స్ట్ డిస్ట్రిక్టు ఏర్పడింది. మీకు కావలసిన సంవత్సరంలో ఆ టౌన్‌షిప్ ఏ డిస్ట్రిక్టులో ఉందో ముందు తెలుసుకుని, ఆ పేరుతో వెతకండి.

పేర్ల తిరకాసు ఇంకొకటుంది. స్కాట్లండ్‌లో పెర్త్ ఉంది, లానార్క్ ఉంది. ఒంటారియోలో లానార్క్ కౌంటీకి ముఖ్యపట్టణం పేరు పెర్త్. పెర్త్ కౌంటీ అని ఇంకోటి ఒంటారియోలోనే చాలా దూరంగా ఉంది. ‘పెర్త్‌లో పుట్టాడు’ అని కనిపిస్తే మూడిట్లో ఏదో తేల్చుకోకుండా ముందుకు వెళ్ళొద్దు.

పొలం కాగితాలు

నా మనసుకు నచ్చిన భాగం ఇదే. చాలామంది దీన్ని వదిలేసి పుట్టుక సర్టిఫికెట్ల కోసమే తిరుగుతారు. ఆ కాలపు మనిషికి పుట్టుక సర్టిఫికెట్ లేకపోయినా పొలం కాగితం ఉంటుంది. సముద్రం దాటి వెళ్ళింది ఆ పొలం కోసమే. స్కాట్లండ్ కొండ ప్రాంతాల్లో వాళ్ళు కౌలుదార్లు. జమీందారు గొర్రెల మేతకు భూమి కావాలంటే లేచిపోవాల్సిందే. గ్లాస్గో, పెయిస్లీ చుట్టుపక్కల నేతగాళ్ళకు మగ్గం మీద కూలి పడిపోయింది. 1820, 1821లో ప్రభుత్వ సాయంతో ఆ నేతగాళ్ళు ఓడలెక్కి లానార్క్ ప్రాంతానికి వచ్చారు. కుటుంబానికి 100 ఎకరాలు ఇచ్చారు. మగ్గం ముందు కూర్చున్న మనిషి అడవి నరికి ఆ 100 ఎకరాలను సాగులోకి తెచ్చాడంటే ఎంత కష్టపడ్డాడో! ఆ కాగితాలు చదువుతుంటే చేనేత ఇళ్ళున్న మన ఊళ్ళే నాకు గుర్తొచ్చాయి.

ఒంటారియో భూముల రిజిస్ట్రీకి ఆన్‌ల్యాండ్ అనే సైటు ఉంది. అందులో పాత అబ్‌స్ట్రాక్ట్ ఇండెక్స్ పుస్తకాల బొమ్మలు చూడొచ్చు. కౌంటీ, టౌన్‌షిప్, కన్సెషన్, లాట్ ప్రకారం వెళ్తే ఆ పొలం మీద జరిగిన లావాదేవీలన్నీ ఒకే పేజీలో వరసగా కనిపిస్తాయి. ఎవరు ఎవరికి, ఏ తేదీన, అమ్మకమా తాకట్టా వీలునామానా అన్నీ ఉంటాయి. అచ్చం మన ఈసీయే. మొదటి వరసలో ‘క్రౌన్’ నుంచి ఫలానావారికి ‘పేటెంట్’ అని ఉంటే అది ప్రభుత్వం ఇచ్చిన మొదటి పట్టా.

ఇండెక్స్ చూసి ఆగిపోకండి. దస్తావేజు నకలు చదవాలి. ఫ్యామిలీసెర్చ్‌లో చాలా కౌంటీల నకళ్ళున్నాయి. అమ్మకం దస్తావేజులో భార్య తన హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టాలి కాబట్టి ఆమె పేరు దొరుకుతుంది. తండ్రి చనిపోయాక వాటాలు పంచుకుంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, అల్లుళ్ళు అందరూ ఒకే కాగితంలో ఉంటారు. వీలునామాలు కూడా కొన్ని భూమి రిజిస్ట్రీలోనే నమోదయ్యాయి. అల్లుడి వాళ్ళింట్లో రెండు తరాల మధ్య తెగిపోయిన లింకు నాకు దొరికింది ఇలాంటి వాటాల కాగితంలోనే.

పట్టా తేదీని వచ్చిన తేదీగా తీసుకోకూడదు. మొదట పొలం చూపించి ఒక చీటీ ఇచ్చేవారు. చెట్లు నరికి, ఇల్లు కట్టి, కొంత సాగు చేశాకే పట్టా చేతికొచ్చేది. మధ్యలో ఏళ్ళు గడిచేవి. పట్టా రాకముందే మనిషి పోతే వారసులు హెయిర్ అండ్ డివైజీ కమిషన్ ముందు రుజువు చేసుకోవాలి. మన లీగల్ హెయిర్ ఫైళ్ళ మాదిరే ఆ ఫైళ్ళలో సాక్షుల వాంగ్మూలాలు, బంధుత్వాలు అన్నీ ఉంటాయి.

వీటన్నిటికంటే విలువైనవి అప్పర్ కెనడా ల్యాండ్ పిటిషన్లు. భూమి కావాలని గవర్నరుకు పెట్టుకున్న అర్జీలు అవి. పేర్ల సూచిక కెనడా అభిలేఖాగారం సైటులో ఉంది, అర్జీల బొమ్మలు కూడా కంప్యూటరులోనే చూడొచ్చు. ఎక్కడివాడు, ఎప్పుడొచ్చాడు, ఇంట్లో ఎంతమంది, పటాలంలో పనిచేశాడా అన్నవి అందులో ఉండే అవకాశముంది. అర్జీ రాసింది వేరే మనిషి, కింద నిశానీ మాత్రం మనవాడిది. రాసినవాడికి ఎలా వినపడితే అలా రాశాడు. ఒకే ఇంటిపేరు నాలుగు రకాలుగా కనిపిస్తుంది. మెక్, మాక్, ఎం పక్కన కామా, ఇవన్నీ ఒకటే. ఒంగోలులో పనిచేసి, 1874లో కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టిన జాన్ మెక్‌లారిన్ గారి ఇంటిపేరే చూడండి. మెక్‌లారెన్, మెక్‌లౌరిన్ అని కూడా రాస్తారు. పెర్త్‌షైర్‌లోని బాల్‌క్విడర్ ఆ ఇంటిపేరుకు పుట్టిల్లు. కాబట్టి అక్షరాలు పట్టుకుని వేలాడకుండా, పలికి చూసుకుని వెతకండి.

హద్దులు చూడండి

మన దస్తావేజులో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు రాస్తాం కదా, అక్కడి పొలానికి కూడా చుట్టూ ఎవరున్నారో రాసుకోండి. కౌంటీ అట్లాసులని 1870ల్లో, 1880ల్లో అచ్చేసిన పటాలున్నాయి. ఏ లాట్ ఎవరిదో పేరుతో సహా ఉంటుంది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు వాటిని ఇంటర్నెట్‌లో పెట్టారు.

పక్క పొలం వాళ్ళు ఎందుకంటారా? ఒక పారిష్ నుంచి బయల్దేరిన వాళ్ళు కెనడాలోనూ పక్కపక్కనే భూములు తీసుకున్నారు. బెక్‌విత్‌కు 1818లో వచ్చినవాళ్ళు పెర్త్‌షైర్ వాళ్ళు. మెక్‌నాబ్ టౌన్‌షిప్‌కు 1825లో కిల్లిన్ చుట్టుపక్కల నుంచి వచ్చారు. గ్లెన్‌గారీ కౌంటీకి 1786లో నాయ్‌డార్ట్ నుంచి కాథలిక్కులు వచ్చారు. జోరా టౌన్‌షిప్‌లో సదర్లండ్ వాళ్ళు. నోవా స్కోషియాలోని పిక్టోకు 1773లో హెక్టర్ అనే ఓడలో వచ్చిన సుమారు 200 మందిలో చాలామంది లోక్ బ్రూమ్ నుంచి ఎక్కినవాళ్ళు. మీ మనిషి సమాధి మీద ఊరు పేరు లేకపోయినా పక్క పొలం ఆయన సమాధి మీద ఉండొచ్చు. స్కాట్లండ్ వాళ్ళు సమాధి రాయి మీద ‘ఫలానా పారిష్‌లో పుట్టినవాడు’ అని చెక్కించుకోవడం బాగా అలవాటు. మాకు పారిష్ పేరు దొరికింది అలాగే, అవతలి హద్దు ఆయన రాతి మీద. ఆయన భార్యది మా అల్లుడి ఇంటిపేరే. ఫైండ్ ఎ గ్రేవ్, కెనడాజెన్‌వెబ్ సైట్లలో రాళ్ళ ఫొటోలుంటాయి. రాయి అరిగిపోయి చదవలేకపోతే ఒంటారియో జీనియలాజికల్ సొసైటీ వాళ్ళు ఏళ్ళ కిందట రాసిపెట్టిన జాబితాలు చూడండి.

ఓడ జాబితా కోసం మాత్రం కాలం వృథా చేయొద్దు. 1865కి ముందు కెనడాలో దిగినవాళ్ళ పేర్లు ప్రభుత్వం పద్ధతిగా దాచలేదు. 1815లోనూ, 1820, 21లోనూ సాయం పొంది వచ్చిన గుంపుల లాంటి వాటికి కొన్ని జాబితాలున్నాయి, అంతే. ఓడ పేరు దొరక్కపోయినా వంశం ఆగదు.

చర్చి పుస్తకాలు చూసేటప్పుడు ఒక చట్టం గుర్తుంచుకోవాలి. అప్పర్ కెనడాలో మొదట పాదిర్లలో ఇంగ్లండు చర్చి వాళ్ళకే పెళ్ళి చేసే అధికారం ఉండేది. 1798లో చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ పాదిర్లకు ఇచ్చారు, మెథడిస్టుల లాంటి వాళ్ళకు 1831లో గానీ రాలేదు. అందుకే మీవాళ్ళ పెళ్ళి వేరే చర్చి పుస్తకంలో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. గ్లెన్‌గారీ వైపు విలియమ్స్‌టౌన్‌లో జాన్ బెథూన్, పెర్త్‌లో 1817 నుంచి విలియం బెల్ తొలి ప్రెస్బిటేరియన్ పాదిర్లు. ఆ చుట్టుపక్కల కుటుంబాలైతే అక్కడ మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు సముద్రం దాటండి

పారిష్ పేరు, భార్య పుట్టింటి పేరు, కెనడాకు రాకముందు పుట్టిన పిల్లల పేర్లు. ఈ మూడూ చేతిలో ఉంటే స్కాట్లండ్స్‌పీపుల్ సైటు తెరవండి. స్కాట్లండ్ జాతీయ రికార్డుల సంస్థ నడిపే అధికారిక సైటు అది. పేర్లు వెతకడం ఉచితం, పేజీ బొమ్మ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. అక్కడ ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకుముందువి పాత పారిష్ రిజిస్టర్లు, అంటే బాప్తిస్మాలు, పెళ్ళి ప్రకటనలు, అక్కడక్కడ ఖననాలు. కొండ ప్రాంతాల పారిష్‌ల్లో ఇవి ఆలస్యంగా మొదలవుతాయి, మధ్యలో ఏళ్ళకేళ్ళు ఖాళీలుంటాయి.

తండ్రి పేరుతో వెతకొద్దు, పిల్లల పేర్లతో వెతకండి. ఓడెక్కకముందు పుట్టిన ముగ్గురు పిల్లలకు అదే తండ్రి, అదే తల్లి పుట్టింటి పేరుతో, ఒకే పారిష్‌లో, వయసులకు సరిపోయే తేదీల్లో బాప్తిస్మాలు దొరికితే గట్టి లింకు దొరికినట్టే. పేర్లు పెట్టే ఆచారం కూడా సాయం చేస్తుంది. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. మొదటి కూతురికి తల్లి తల్లి పేరు, రెండో కూతురికి తండ్రి తల్లి పేరు. మనవాళ్ళు మనవడికి తాత పేరు పెట్టుకున్నట్టే. పెద్ద కొడుకు పేరు చూసి తాత పేరు ఊహించి వెతకొచ్చు, కానీ ఊహను రుజువుగా రాసుకోవద్దు. కొన్ని ఇళ్ళు ఆ వరస పాటించలేదు.

దొరికిన జంట మీవాళ్ళేనని తేల్చడానికి అడ్డం తిప్పి కూడా చూడాలి. ఆ జంటకు మీవాళ్ళు వచ్చేసిన తర్వాత కూడా స్కాట్లండ్‌లో పిల్లలు పుట్టారా? 1841 లెక్కల్లో వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారా? ఉంటే వాళ్ళు వేరేవాళ్ళు, వదిలేయండి. ఆ 1841 లెక్కల్లో పెద్దవాళ్ళ వయసులు అయిదుకు కుదించి రాశారు, 43 ఉంటే 40 అని. 1851 లెక్కల్లోనైతే పుట్టిన పారిష్ కూడా ఉంటుంది.

పారిష్ రిజిస్టరులో ఖాళీ వచ్చి దారి మూసుకుపోతే, కెనడాకు రాకుండా అక్కడే ఉండిపోయిన అన్ననో చెల్లెలినో పట్టుకోండి. వాళ్ళలో ఎవరైనా 1855 తర్వాత పోయి ఉంటే మరణ నమోదులో తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరుతో సహా ఉంటాయి. ఆ తల్లిదండ్రులే మీ మనిషికీ తల్లిదండ్రులు. 1780ల్లో పుట్టిన మనిషి అమ్మానాన్నల పేర్లు 1860ల్లోని కాగితంలో దొరుకుతాయన్నమాట. కిర్క్ సెషన్ అనే చర్చి పెద్దల పుస్తకాలు కూడా అదే సైటులో ఉచితంగా చదవొచ్చు. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళకు నడవడిక బాగుందని సర్టిఫికెట్ ఇచ్చిన వివరం వాటిలో తగలొచ్చు. చేతిరాత కష్టంగానే ఉంటుంది. ఒకే గుమాస్తా రాసిన పేజీలు నాలుగు చదివితే అక్షరాలు అలవాటవుతాయి.

ప్రతి పేరు పక్కన ఆ సంగతి ఏ కాగితంలో, ఏ పేజీలో ఉందో వెంటనే రాసుకోండి. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షంలో మీ పేర్లు కనిపిస్తే, కింద కాగితం చూపించారో లేదో చూసి గానీ కలుపుకోవద్దు. స్థానిక చరిత్ర సంఘాలకు ఉత్తరం రాసేటప్పుడు కథంతా చెప్పకుండా పేరు, టౌన్‌షిప్, కన్సెషన్, లాట్, సంవత్సరాలు, ఒక్క ప్రశ్న రాయండి. అలా రాసిన ఉత్తరాలకు నాకు ఓపిగ్గా జవాబులొచ్చాయి. ఒకాయనైతే ఆ పొలం గట్టు మీద మిగిలిన పాత ఇంటి పునాది రాళ్ళ ఫొటో కూడా జతచేసి పంపారు.